ఖజానా నిండింది, ఖర్చుకు దారేది?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ బెంగళూరులో తెలుగులో ఆడుకుంటున్న బృందాల నుంచే. అన్నిట్లోనూ సంగతి ఒక్కటే: పదో లెవెల్ దాటిన పాత్రల దగ్గర గుట్టలుగా పడి ఉన్న బంగారం. అందరూ ఆడుతున్నది డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్: డీఎం (డన్జన్ మాస్టర్) కథ నడిపిస్తే, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని ఒక పార్టీగా, అంటే బృందంగా, డైస్ వేస్తూ సాహసాలు చేసే ఆట. అనుభవ పాయింట్లు పోగయ్యేకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది. గోల్డ్ అంటే ఆటలోని బంగారు నాణెం. కాబట్టి వేరే చెప్పని చోటల్లా కింది లెక్కలు 2014 నియమాల ప్రకారం ఇచ్చినవే.

ప్రశ్న: నేను డీఎంని. మా పార్టీలో ఐదుగురు, అందరూ 13వ లెవెల్. వరసగా రెండు నిధులు దొరికాక వాళ్ళ చేతిలో 60,000 గోల్డ్ పైనే ఉంది. కవచాలు, గుర్రాలు అన్నీ కొనేశారు. ఇప్పుడు పెట్టె తెరుచుకుందన్నా ఎవరూ ఫోన్‌లోంచి తల ఎత్తట్లేదు. ఓ రాత్రి దొంగల్ని పంపి మొత్తం ఊడ్చేస్తే సమస్య తీరుతుందా? (మారతహళ్ళి)

జవాబు: తీరదు. దొంగల్ని పంపకండి. ఒక్కసారి అలా చేస్తే ఆటగాళ్ళు నేర్చుకునే పాఠం ఒక్కటే: డబ్బు బయటపెడితే పోతుంది. ఆ తర్వాత ప్రతి సత్రంలో తలుపుకు మూడు తాళాలు, ప్రతి సెషన్‌లో అరగంట కాపలా చర్చ. ఖర్చుపెట్టడం ఇంకా తగ్గుతుంది.

అసలు కారణం నిధుల పట్టికలోనే ఉంది. 5 నుంచి 10 స్థాయి (శత్రువు ఎంత బలవంతుడో చెప్పే అంకె) శత్రువుల నిధిలో నాణేలు సగటున 3,850 గోల్డ్ వరకు వస్తాయి. 11 నుంచి 16 స్థాయికి అది ఒక్కసారిగా 31,500 అవుతుంది. 17 దాటితే 3,22,000. రత్నాలు, కళాఖండాలు దీనికి అదనం. ఇటు సామాను పట్టికలో అన్నిటికంటే ఖరీదైన కవచం ధర 1,500 గోల్డ్ దగ్గరే ఆగిపోతుంది. రాజభోగంగా బతికినా రోజుకు 10 గోల్డ్, అంటే ఏడాదికి 3,650. రాబడి పదింతలు పెరుగుతుంటే ఖర్చు ఉన్నచోటే ఉంది.

పాత ఎడిషన్లకు ఈ ఇబ్బంది లేదు. 1974 నాటి తొలి ఆటలో తెచ్చుకున్న ప్రతి గోల్డ్‌కూ ఒక అనుభవ పాయింట్. తొమ్మిదో లెవెల్‌కు వచ్చిన యోధుడు కోట కట్టుకుని మనుషుల్ని చేరదీయడం ఆటలో భాగం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో మాయా వస్తువులకు ధరలుండేవి, బంగారం నేరుగా బలంగా మారేది. ఐదో ఎడిషన్ ఈ రెండు తూములూ మూసేసి నిధుల్ని మాత్రం అలాగే వదిలింది. మీరు చేయాల్సింది తూము తెరవడమే, చెరువుకు గండి కొట్టడం కాదు.

వచ్చే సెషన్‌కు ముందే ఐదుగురికీ విడివిడిగా ఒక ప్రశ్న పంపండి: "నీ పాత్ర చచ్చిపోయాక వందేళ్ళకు కూడా ఏది మిగలాలని కోరుకుంటుంది?" జవాబులు చూసి ధరలు కట్టిన మూడు ప్రతిపాదనలు తయారు చేసుకోండి. ప్రతిదానికీ మూడు ఉండాలి: ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, ఎవరికి నచ్చదు. ఆ మూడోది లేకపోతే ఎంత పెద్ద ఖర్చయినా కాగితం మీద తీసివేత లెక్కే. గురుకులం పెట్టాలనుకునే విజార్డ్‌కు (మంత్రగాడి పాత్రకు) ఎదురుగా, ఇప్పటికే ఆ ఊళ్ళో విద్య మీద పెత్తనం చేస్తున్న మఠం ఉండాలి. అప్పుడే అది కథ అవుతుంది.

ఇంకో ఉపాయం: సంపాదించిన బంగారానికి కాకుండా ఖర్చు పెట్టిన బంగారానికి అనుభవ పాయింట్లు ఇవ్వండి. 13 నుంచి 14వ లెవెల్‌కు 20,000 పాయింట్లు కావాలి. ఒక నిధిలో మనిషి వాటా 6,300 గోల్డ్. ఒకటికి ఒకటి చొప్పున ఇస్తే ఒక్క పెట్టెతోనే మూడో వంతు లెవెల్ దాటేస్తారు, అది ఎక్కువ. 5 గోల్డ్‌కు 1 పాయింట్ చాలు. షరతు ఒకటే: ఆ ఖర్చు పాత్రకు యుద్ధంలో ఏ లాభమూ ఇవ్వకూడదు. గుడి కడితే పాయింట్లు వస్తాయి, గాయాలు మాన్పే మాయా మందుసీసాలు కొంటే రావు.

ప్రశ్న: మా వాళ్ళు కోట కడతామంటున్నారు. పుస్తకం ప్రకారం 50,000 గోల్డ్, 400 రోజులు. డబ్బు కట్టేశాం, డీఎం "ఏడాది గడిచింది, కోట వచ్చింది" అన్నారు. అంతే. ఇంత చప్పగా ఉండాలా? (కోరమంగళ)

జవాబు: ఉండనక్కర్లేదు. పొరపాటు డబ్బంతా ఒక్కసారే కట్టించుకోవడంలో ఉంది. 50,000ను నాలుగు వాయిదాలు చేయండి: 12,500 చొప్పున మొదటి రోజు, 100వ రోజు, 200వ రోజు, 300వ రోజు. ప్రతి వాయిదాకూ కంటికి కనిపించే మార్పు ఒకటి, ఆటగాళ్ళు తేల్చాల్సిన విషయం ఒకటి పెట్టండి. మొదటి వాయిదాకు పునాది కందకాలు. అవి తవ్వే నేల పక్క ఊరి పశువుల మేత బీడు, ఊరిపెద్ద వచ్చి నిలబడతాడు. రెండో వాయిదాకు బావి. బావి గోడ లోపల కావాలంటే ఇంకో 1,000 గోల్డ్ అవుతుంది, బయటైతే ముట్టడి వచ్చిన రోజున దాహం. మూడోదానికి సభామండపం కప్పు. నాలుగోదానికి బురుజులు. ఏ రాయి వాడాలి, ఏ దారిన తేవాలి అన్నది అప్పటి మాట. వాయిదా తప్పితే పది రోజుల్లో మేస్త్రీలు వెళ్ళిపోతారని ముందే చెప్పండి. రాబోయే 100వ రోజు తెలిసి ఉంటే పార్టీ దానికోసం నిధి వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

నియమాల్లో చాలామంది వదిలేసే వాక్యం ఒకటుంది: కట్టించేవాళ్ళు స్థలంలో లేని ప్రతి రోజుకూ పని 3 రోజులు ఆలస్యమవుతుంది. 60 రోజులు డన్జన్‌కు (నేలమాళిగల్లో సాహసానికి) పోతే 180 రోజులు అదనం, 400 కాస్తా 580 అవుతుంది. ఇది ఆటగాళ్ళకు ముందే చెప్పకపోతే మోసపోయినట్టు అనిపిస్తుంది. మా సలహా: నమ్మకమైన స్థపతిని రోజుకు 5 గోల్డ్‌కు పెట్టుకుంటే ఆలస్యం 3 రోజుల నుంచి 1 రోజుకు తగ్గేలా బృందం ఒప్పుకోవాలి. ఇది పుస్తకంలో లేదు, కానీ అలా చేస్తే ఆ స్థపతి ఒక పాత్ర అవుతాడు. శత్రువు అతణ్ణి కొనేయొచ్చు కూడా.

ఇక అసలు ఖర్చు. బెంగళూరులో ఫ్లాట్ కొన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు: ధర ఒకసారి కడతాం, మెయింటెనెన్స్ ప్రతి నెలా కడుతూనే ఉంటాం. చిన్న కోటకు రోజుకు 100 గోల్డ్, ఏడాదికి 36,500. అందులో పనితనం తెలిసినవాళ్ళు 50 మంది, మామూలు కూలీలు 50 మంది. జీతాలు విడిగా వేసి చూస్తే మొదటివాళ్ళకు రోజుకు 2 గోల్డ్ చొప్పున 100, కూలీలకు 2 వెండి చొప్పున 10, మొత్తం 110 రావాలి. పుస్తకం మాత్రం జీతాలతో కలిపే 100 అంటుంది. ఆ తేడాను పట్టించుకోకండి, 100 అని రాసుకుని సాగిపోండి. నెలకు 3,000 అన్న ఒక్క అంకె చాలు. సెషన్ మొదట్లో రెండు నిమిషాల్లో తీసేయొచ్చు.

ఆరంభంలోనే పెద్ద రాజప్రాసాదం మీద ఆశపడొద్దు. దానికి 5,00,000 గోల్డ్, 1,200 రోజులు, రోజుకు 400 ఖర్చు. 13వ లెవెల్‌లో ఇది మొదలుపెట్టిన పార్టీకి క్యాంపెయిన్, అంటే మొత్తం కథ, ముగిసేలోపు గడప కూడా దక్కదు. 15,000 గోల్డ్‌తో 100 రోజుల్లో లేచే చిన్న ఠాణా లేదా బురుజుతో మొదలుపెట్టి, దాని చుట్టూ పెంచుకుంటూ పోవడమే మంచిది. రోజు ఖర్చు మాత్రం చూసుకోండి: ఠాణాకు 50, బురుజుకు 25.

కోట పక్కన పేట కూడా వెలిస్తే ఇంకా బాగుంటుంది. 1537లో కెంపేగౌడ బెంగళూరును మట్టికోటతో, దాన్ని ఆనుకుని వృత్తులవారీ వీధులతో కట్టించిన తీరు మీకు దగ్గర్లోనే ఉంది. అక్కిపేటలో బియ్యం, బళేపేటలో గాజులు, అరళెపేటలో దూది. ఒక శనివారం పొద్దున చిక్కపేట మెట్రో దగ్గర దిగి ఆ వీధుల్లో గంటసేపు నడిస్తే మీ ఊరి పటం సగం తయారవుతుంది. ఆటలో ఒక్కో పేటకు 5,000 గోల్డ్ పెట్టి ఒక్కో వృత్తిసంఘపు భవనం కట్టించండి, 60 రోజులు పడుతుంది. ఏ వృత్తికి ముందు చోటిచ్చారన్న దాని మీద ఆ ఊళ్ళో ఏం చవగ్గా దొరుకుతుందో, ఎవరు అలుగుతారో తేలుతుంది.

ప్రశ్న: 60,000 నాణేలు మోయడం ఎలా? మా డీఎం బరువు లెక్క అడగడం మొదలుపెట్టారు. (కె.ఆర్. పురం)

జవాబు: మంచిపని చేశారు. 50 నాణేలు ఒక పౌండు. 60,000 అంటే 1,200 పౌండ్లు, సుమారు 544 కిలోలు. బలం అంకె 10 ఉన్న మనిషి మోయగలిగేది 150 పౌండ్లు, అంటే ఎనిమిది మంది ఇంకేమీ ఎత్తకుండా నడవాలి. మాయాసంచిలో 500 పౌండ్లు పడతాయి కాబట్టి 25,000 నాణేలకు మించి పట్టవు. ప్లాటినంగా మారిస్తే 6,000 నాణేలు, 120 పౌండ్లే. ఒక్కోటి 5,000 గోల్డ్ చేసే రత్నాలైతే పన్నెండు, గుప్పిట్లో పడతాయి. అయితే చిన్న ఊళ్ళో 5,000 రత్నానికి చిల్లర ఇచ్చేవాడుండడు. నూటికి ఐదు తీసుకునే షరాబు ఒకణ్ణి పెట్టుకుంటే ఆ లెక్క సజావుగా సాగుతుంది.

ప్రశ్న: నేను 16వ లెవెల్ విజార్డ్. మా క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర), నేను కలిసి మా వాటా స్పెల్ సామగ్రి (మంత్రాలు వేయడానికి కావాల్సిన వస్తువులు) మీద పెడదామనుకుంటున్నాం. దేనికి ఎంత పెడితే పనికొస్తుంది? (జయనగర)

జవాబు: దీన్ని మించిన ఖర్చు ఆటలో ఇంకోటి లేదు, ఎందుకంటే వీటిలో చాలా సామగ్రి స్పెల్ వేయగానే హరించుకుపోతుంది. క్లెరిక్‌తో మొదలుపెడదాం. నిమిషంలోపు ప్రాణం పోసే రివివిఫైకి 300 గోల్డ్ వజ్రాలు కావాలి, ఇవి కనీసం మూడు జతలు ఉంచుకోండి. పది రోజుల్లోపు బతికించే రెయిజ్ డెడ్‌కు 500 చేసే ఒక వజ్రం. కానీ తల తెగిన శవానికి అది పనిచేయదు. వందేళ్ళ లోపు ఎప్పుడైనా లేపగలిగే రిసరెక్షన్‌కు 1,000 చేసే ఒక వజ్రం. ఈ రెంటికీ ఒకే రాయి ఉండాలి, చిన్నవి పోగేసి ఇస్తే చెల్లవు. ఇక్కడే చాలా పార్టీలు దెబ్బతింటాయి: చేతిలో 40,000 గోల్డ్ ఉంటుంది, ఆ ఊళ్ళో 1,000 చేసే రాయి ఉండదు. బంగారం ఉన్న రోజునే రాళ్ళు కొని పెట్టుకోండి.

డీఎంలకు ఓ మాట: మీ లోకంలో వజ్రాల బజారు ఒకే చోట పెట్టండి. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా మన కృష్ణానది లోయ నుంచే వెళ్ళేవి. కొల్లూరు గనులు, గోల్కొండ బజారు, పెద్ద రాళ్ళు సుల్తానుకే చెందాలన్న కట్టడి, దాన్ని తప్పించుకునే దొంగవ్యాపారం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. 25,000 గోల్డ్ వజ్రాలు కావాల్సిన ట్రూ రిసరెక్షన్ కోసం పార్టీ ఆ బజారులో అడుగు పెట్టిందంటే రెండు సెషన్లు హాయిగా నడుస్తాయి.

పెద్ద యుద్ధం ముందు హీరోస్ ఫీస్ట్ అనే విందు స్పెల్ తప్పనిసరి. 1,000 గోల్డ్ చేసే రత్నాల గిన్నె ఖర్చవుతుంది. పన్నెండు మంది దాకా గంటసేపు కూర్చుని తినాలి. ఆ తర్వాత 24 గంటలు విషం, భయం అంటవు, గరిష్ఠ ప్రాణబలం పది ముఖాల డైస్ రెండు వేస్తే వచ్చిన మొత్తం మేర పెరుగుతుంది. డ్రాగన్ మీదికి పోతూ ఇది మానేయడం అంటే డబ్బు ఆదా చేసి ప్రాణం పోగొట్టుకోవడం. తినే గంటలో ఎవరైనా చెదరగొడితే ఫలితం రాదు కాబట్టి చోటు చూసుకుని కూర్చోండి.

ఇక మీ సంగతి. 16వ లెవెల్ కాబట్టి క్లోన్ (చచ్చిపోతే ఆత్మ చేరేందుకు మీ శరీరానికి నకలు పెంచే స్పెల్) మీ చేతిలో ఉంది. 1,000 చేసే వజ్రం, మీ ఒంటి మాంసం ఒక ఘనపు అంగుళం, 2,000 గోల్డ్ చేసే మూతున్న పెద్ద తొట్టె. తొట్టె మిగులుతుంది, వజ్రం పోతుంది. శరీరం పెరగడానికి 120 రోజులు. ఈలోపు మీరు చస్తే అది ఉత్త మాంసమే. 120 రోజుల తర్వాత చస్తే, ఆత్మకు అడ్డం లేకపోతే, అందులో కళ్ళు తెరుస్తారు. అయితే ఒంటి మీద గుడ్డ కూడా ఉండదు. మీ కర్ర, ఉంగరాలు, అన్నిటికంటే ముఖ్యంగా స్పెల్ పుస్తకం, పాత శవం దగ్గరే ఉంటాయి. కాబట్టి క్లోన్ ఖర్చు 3,000తో ఆగదు. మీకు లెవెల్ పెరిగినప్పుడు ఊరికే వచ్చిన స్పెల్స్ 36. సగటున నాలుగో లెవెల్‌వి అనుకుంటే నకలు రాయడానికి లెవెల్‌కు 10 గోల్డ్, ఒక గంట చొప్పున 1,440 గోల్డ్, 144 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు రాస్తే 18 రోజులు. ఖాళీ పుస్తకానికి 50. ఆ నకలు తొట్టె పక్కనే పెట్టండి. ఒక జత బట్టలు, కొన్ని ప్లాటినం నాణేలు, సామగ్రి సంచి కూడా. తొట్టెను ఎవరూ కదపకూడదు కాబట్టి దానికో బురుజు, బురుజుకు కాపలా, కాపలాకు జీతం. ఒక స్పెల్ ఇంత ఖర్చును వెంట తెస్తుంది, అందుకే ఇది డీఎంకు కూడా ఇష్టమైన స్పెల్.

శాశ్వత టెలిపోర్టేషన్ సర్కిల్ (దూరం నుంచి క్షణంలో చేరుకునే మాయా వలయం) కూడా ఆలోచించండి. ఆ స్పెల్‌ను ఒకే చోట ఏడాది పొడుగునా రోజూ వేయాలి. ఒక్కోసారి 50 గోల్డ్ సామగ్రి, మొత్తం 18,250. డబ్బు కాదు కష్టం, ఒక్క రోజు కూడా తప్పకపోవడం. మీరు సాహసాలకు పోతే కుదరదు. ఐదో లెవెల్ స్పెల్ వేయగల వేరే విజార్డ్‌ను జీతానికి పెట్టాలి. అతను 300వ రోజున జ్వరపడితే ఏమవుతుందో మీ డీఎం తేలుస్తారు.

ప్రశ్న: మాయా వస్తువుల దుకాణం పెడితే ఆట పాడవుతుందా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: అల్మారాలో ధర చీటీలతో పెడితే పాడవుతుంది. ఈ ఎడిషన్‌లో రాక్షసుల కవచ సంఖ్యలు (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకెలు) పెద్దగా పెరగవు. అందరికంటే పైనున్న టారాస్క్‌కు కూడా 25. అక్కడ ప్లస్ 3 కత్తి (డైస్ అంకెకు 3 కలిపే మాయా కత్తి) అంగట్లో దొరికితే మిగతా అంకెలన్నీ అర్థం కోల్పోతాయి.

2017లో వచ్చిన అనుబంధ నియమాల పద్ధతి బాగుంటుంది. కొనాలనుకున్నవాళ్ళు ఒక పనివారం (ఐదు పనిదినాలు), 100 గోల్డ్ పెట్టి వాకబు చేస్తారు. ఒప్పించే నేర్పు మీద ఒక డైస్, అదనంగా పెట్టిన ప్రతి 100 గోల్డ్‌కూ ప్లస్ 1, గరిష్ఠంగా ప్లస్ 10. వచ్చిన అంకెను బట్టి ఆ వారం ఏం దొరికాయో తేలుతుంది. అరుదైన వస్తువు ధర పది ముఖాల డైస్ రెండు వేసి, మొత్తాన్ని వెయ్యితో గుణిస్తే వచ్చేది, అత్యరుదైనదైతే 20,000 నుంచి 50,000. ఒకసారి వాడితే అయిపోయేవాటికి సగం. మా ఓటు ఆ సగం ధరవాటికే: మందుసీసాలు, స్క్రోల్స్ (ఒకసారి చదివి వాడే మంత్రపత్రాలు). బంగారం పోతుంది, బలం శాశ్వతంగా పెరగదు.

తయారు చేసుకోవడం ఇంకా మేలు. అరుదైన వస్తువుకు 10 పనివారాలు, 2,000 గోల్డ్, దాంతోపాటు 9 నుంచి 12 స్థాయి జీవి నుంచి తెచ్చిన పదార్థం ఒకటి. అత్యరుదైనదానికి 25 వారాలు, 20,000. పురాణప్రసిద్ధమైనదానికి 50 వారాలు, 1,00,000. ఆ పదార్థం ఎక్కడుందో వెతకడమే తర్వాతి సాహసం.

ప్రశ్న: సత్రం గానీ ఓడ గానీ కొని వ్యాపారం చేస్తే లాభమెంత? (ఇందిరానగర్)

జవాబు: లాభం కోసమైతే వద్దు. వ్యాపారానికి 1 నుంచి 100 లోపు ఒక అంకె డైస్‌తో వేసి, దానికి వ్యాపారం మీద పెట్టిన రోజుల్ని 30 దాకా కలుపుతారు. 91 దాటినా వచ్చేది పది ముఖాల డైస్ మూడు వేసి, మొత్తాన్ని ఐదుతో గుణించినంత, సగటున 82 గోల్డ్. మీ 13వ లెవెల్ పాత్రకు అది చిల్లర. 20 లోపు వస్తే నిర్వహణ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు జేబులోంచి కట్టాలి. ఊరి సత్రం కొనడానికి ఒకే కారణం వార్తలు: ఎవరు వచ్చారు, ఎవరితో మాట్లాడారు, ఏ గది అడిగారు.

ఓడకు ఆ మాట వర్తించదు. తెరచాప ఓడ 10,000, దానికి 20 మంది నావికులు, రోజుకు 40 గోల్డ్ జీతం. తెడ్లతో నడిచే గ్యాలీ ఓడ 30,000, 80 మంది, రోజుకు 160. ఆకాశనౌక 20,000కే వస్తుంది, పది మంది చాలు. అంకెలు చూస్తే ఆకాశనౌకే చవక అనిపిస్తుంది, అందుకే డీఎం దాన్ని అంగట్లో పెట్టకూడదు. దారి మధ్యలో జరిగే కథంతా దాంతో ఎగిరిపోతుంది.

ప్రశ్న: నాది పాలడిన్ (ధర్మానికి కట్టుబడ్డ యోధుడు) పాత్ర అండీ. తన వాటా 12,000 గోల్డ్ పేదలకిచ్చేస్తానంటే డీఎం "సరే, షీట్‌లోంచి తీసెయ్యి" అని తర్వాతి గదికి తీసుకెళ్ళిపోయారు. దానానికి ఆటలో విలువే లేదా? (కమ్మనహళ్ళి)

జవాబు: ఉంది, చాలా ఉంది. మీ డీఎంకు చూపించడానికి దారి మన దగ్గరే ఉంది. సప్తసంతానాలంటూ మన పెద్దలు ఏడు చెప్పారు: తనయుడు, తటాకం, కావ్యం, నిధి, ఆలయం, వనం, అగ్రహారం. మనిషి పోయాక పేరు నిలిపేవి. కలవాడు ధనం ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పట్టిక ఏ నియమాల పుస్తకంలోనూ లేదు.

చెరువునే తీసుకోండి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు గురించి. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళకు నూరు బండ్లు, రెండేళ్ళు. దీన్ని ఆట ధరల్లోకి మార్చండి: వెయ్యి మందికి 2 వెండి చొప్పున 200 గోల్డ్, బండికి 1 గోల్డ్ అనుకుంటే 100, రోజుకు 300. వానాకాలం తీసేసి ఏడాదికి 240 పనిదినాలైతే మొత్తం 1,44,000. 17వ లెవెల్ పార్టీకి సరిగ్గా సరిపోయే పని. మీకైతే అందులో ఐదో వంతు చాలు: 200 మంది, 20 బండ్లు, రోజుకు 60, మొత్తం 28,800. మీ 12,000తో 200 రోజుల పని నడుస్తుంది. మిగతాది ఎవర్ని అడగాలన్నది కథ.

ఆ శాసనం అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. డీఎం ఆరు ముఖాల డైస్ వేసి ఇందులో ఒకటి రహస్యంగా రాసుకుంటే చాలు. 3 వచ్చిందనుకోండి, కట్ట పూర్తయిన నెలకు పొరుగు రాజు మనుషులు తూము దగ్గర దిగుతారు. 1 వస్తే, తొలి వానకు కట్ట అడుగున తేమ కనబడుతుంది. పాలడిన్ రాత్రికి రాత్రి గంపలతో మట్టి మోయించాలి. అది డ్రాగన్‌తో పోరుకు ఏమాత్రం తీసిపోని సెషన్.

కావ్యం కూడా మంచి ఖర్చు. కవిని ఆదరించి కృతిభర్త కావడం. ఆ కవికి రోజుకు 10 గోల్డ్ చొప్పున 200 రోజుల పోషణ 2,000, అంకితం నాడు ఇచ్చే కానుక మీ ఇష్టం. ఫలితంగా మూడు నగరాల్లో మీ పేరు చెబితే తలుపులు తెరుచుకుంటాయి. దాంతోపాటు మారువేషం వేసిన ప్రతిసారీ డైస్‌లో ప్రతికూలత, ఎందుకంటే మీ ముఖం అందరికీ తెలుసు. అగ్రహారం అంటే పండితులున్న ఊరు, పాత శాపాల గురించి ఎవర్ని అడగాలన్న సమస్య తీరుతుంది. నిధి పాతిపెడితే, వచ్చే క్యాంపెయిన్‌లో మీ కొత్త పాత్రలే తవ్వుకోవచ్చు. వనం ప్రకృతిని కొలిచే డ్రూయిడ్‌ పాత్రలకు వదిలేయండి.

ప్రశ్న: 2024 నియమాల్లో బాస్టియన్ (పాత్రల సొంత స్థావరం) వచ్చింది కదా, దానికి మారిపోతే బంగారం సమస్య తీరిపోతుందా? (బెళ్ళందూరు)

జవాబు: సగమే. ఐదో లెవెల్ నుంచి ప్రతి పాత్రకూ ఒక స్థావరం వస్తుంది. అందులో ప్రత్యేక గదులు లెవెల్‌తో పాటు ఊరికే వస్తాయి: 5కు రెండు, 9కి నాలుగు, 13కు ఐదు, 17కు ఆరు. బంగారం పట్టేది మామూలు గదులకే. విశాలమైన గది 3,000 గోల్డ్, 125 రోజులు. అలాంటివి నాలుగు కట్టుకున్నా 12,000. చివరి లెవెళ్ళ నిధుల్ని అది మింగలేదు.

అందులో తీసుకోవాల్సింది ఏడు రోజులకొకసారి వచ్చే స్థావరం వంతు. ఆ వంతున ప్రతి ఆటగాడూ ఏదో ఒక ఆజ్ఞ ఇస్తాడు కాబట్టి రోజుల లెక్క దానంతటదే నడుస్తుంది, కోట వాయిదాలు మర్చిపోరు. స్థిరమైన మాయా వస్తువుల ధరలూ అందులో ఉన్నాయి: అరుదైనది 4,000, అత్యరుదైనది 40,000, పురాణప్రసిద్ధమైనది 2,00,000. బేరసారాలు విసుగనుకునే బృందానికి ఇవే నయం. కోటల ధరలు, రోజువారీ ఖర్చులు మాత్రం 2014వే ఉంచుకోండి. మారేటప్పుడు సాహసం మధ్యలో మారకండి. ఒక కథ ముగిసి, పార్టీ ఊరు చేరి, కనీసం నెల రోజులు ఖాళీ ఇచ్చిన చోట మారండి. అప్పటికి ఎవరి చేతిలో ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో పెడితే, ఏ గది ఎవరిది, ఏ వాయిదా ఎవరు కట్టాలి అన్నది ఆ పూటే తేలిపోతుంది.